భోజనాల బల్ల మీద హత్యలు

కోజీ మిస్టరీ అని ఇంగ్లీషువాళ్లు ముద్దుగా పిలుచుకునే నవలలకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. వాటిలో హత్య జరుగుతుంది గాని నెత్తురు కనపడదు. శవం ఉంటుంది గాని శవపు వాసన ఉండదు. ఒక చిన్న ఊరు, ఒక చర్చి, పూల తోటలు, వేళకు టీ. నేరాన్ని ఛేదించేది చాలాసార్లు పోలీసు కాదు. ఊళ్లో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడడం మానేసిందో తెలిసిన ఒక పెద్దావిడ. చివరికి హంతకుడు దొరుకుతాడు, ఊరు ఊపిరి పీల్చుకుంటుంది, మళ్లీ టీ మరుగుతుంది.

వృత్తిరీత్యా నిజమైన మరణాలను చూసే నాబోటి వాళ్లకు ఇవి నచ్చకూడదు. కాని నచ్చుతాయి. ఇంగ్లండులోని ఒక ఆసుపత్రిలో నేను చేసేది వృద్ధుల వైద్యం. మరణ ధ్రువీకరణ పత్రంలో కారణం రాయడానికి రెండు మూడు గీతలు ఉంటాయి, వాటిని ఎంత జాగ్రత్తగా నింపినా, బయట బెంచీ మీద కూర్చున్న కూతురు అడిగే "ఎందుకు?" అన్న ప్రశ్నకు అక్కడ జవాబు ఉండదు. ఈ నవలల్లో ఉంటుంది. రాత్రి ఆన్‌కాల్ ముగించుకుని ఇంటికి వచ్చి, ఓ ఇరవై పేజీలు చదివి నిద్రపోయే అలవాటు నాకు ఇందుకే పట్టుబడిందనుకుంటాను.

ఈ బాటకు ఆద్యులెవరన్నది పండితులు తేల్చుకోవాలి గాని, దాన్ని రహదారిగా మార్చింది అగాథా క్రిస్టీ. ఈ తరహా రచనలకు అమెరికాలో ఏటా ఇచ్చే పురస్కారం పేరే 'అగాథా'. ఆమె నవలల గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పవలసింది తక్కువ. ఆమె ఎలా రాసిందో, ఏ వేళల్లో, ఏ బల్ల మీద, ఏ కాగితాల మీద రాసిందో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందుకు నాకు ఆధారాలు ముఖ్యంగా రెండు. ఒకటి ఆమె ఆత్మకథ. 1950లో ఇరాక్‌లోని నిమ్రూద్ తవ్వకాల శిబిరంలో మొదలుపెట్టి 1965లో ముగించింది. ఆమె పోయాక 1977లో అచ్చయింది. రెండోది జాన్ కరన్ ఆమె నోటుపుస్తకాలను పరిశీలించి 2009లో వెలువరించిన గ్రంథం. రెండూ చదవదగినవే. మొదటిది మాత్రం కొనుక్కుని దాచుకోదగినది.

రచయితల గదులంటే మనకు ఒక మోజు. ఆ కుర్చీ, ఆ కలం, కిటికీలోంచి కనిపించే ఆ చెట్టు. క్రిస్టీ దగ్గరికి విలేకరులు వచ్చినప్పుడు మీరు రాసే గదిలో ఫొటో తీస్తామనేవారట. ఆమెకు అలాంటి గది చాలాకాలం లేదు. కావలసింది టైపు మిషనూ, దాన్ని ఊగిపోకుండా నిలబెట్టే ఒక బల్లా. పాలరాతి పలక ఉన్న పడకగది వాష్‌స్టాండు సరిపోయేది. రెండు పూటల భోజనాల మధ్య ఖాళీగా ఉండే భోజనాల బల్ల కూడా సరిపోయేది. దరఖాస్తుల్లో వృత్తి అన్న గడి వచ్చినప్పుడు రచయిత్రి అని రాయాలని తనకు ఎన్నడూ తట్టలేదనీ, గృహిణి అన్న అర్థం వచ్చే మాటే రాసేదాన్ననీ చెప్పుకుంది. అప్పటికి ప్రపంచమంతా ఆమెను చదువుతోంది.

దీన్ని వినయమనీ, ఆ కాలపు స్త్రీల అణకువ అనీ కొట్టిపారేయడం తేలిక. నాకు అలా తోచదు. మన రచయిత్రుల ముందుమాటలు ఎన్నింటిలో వంటిల్లు కనపడదు? కాకపోతే మనవాళ్లు దాన్ని ఒక లోటుగా చెప్పుకుంటారు, అందులో తప్పు లేదు, అది లోటే. క్రిస్టీ దాన్ని లోటుగా ఎంచినట్టు లేదు. తనకంటూ గది లేదు కనుక తన రాత ఎవరి కంటా పడలేదు, ఎవరూ దాని మీద అంచనాలు పెట్టుకోలేదు, ఆమె కూడా పెట్టుకోలేదు. కుక్క ఎముక నోట కరచుకుని ఎటో మాయమై, అరగంట తర్వాత ముక్కుకు మట్టితో తిరిగొచ్చినట్టు తాను కూడా రాసుకోవడానికి మాయమయ్యేదాన్నన్న పోలిక ఆమెదే.

అసలు ఆమె రచయిత్రి అయిందే ఒక ఆసుపత్రి మందుల గదిలో. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో స్వస్థలం టోర్కీలో, గాయపడిన సైనికుల ఆసుపత్రిలో ముందు నర్సుగా, తర్వాత డిస్పెన్సరీలో పనిచేసింది. 1917లో అపోథెకరీస్ సొసైటీ పరీక్ష కూడా గట్టెక్కింది. నర్సు పనిలో ఊపిరి సలపదు. మందుల గది పని అలా కాదు. ఒక పూట ఉరుకులు పరుగులు, ఒక పూట ఈగలు తోలుకోవడం. ఆ ఖాళీ పూటల్లో, చుట్టూ అరల నిండా విషాలే ఉండగా, డిటెక్టివ్ కథ రాయగలవా అని అక్క మాడ్జ్ ఒకప్పుడు విసిరిన సవాలు గుర్తొచ్చింది. విషప్రయోగమే ఎందుకు ఎంచుకున్నావంటే ఇంకేం చెప్పాలి? అవే కళ్ల ముందున్నాయి.

శిక్షణ రోజుల నాటి ఒక సంగతి ఆత్మకథలో ఉంది. వైద్యులందరూ చదవాలని నేను కోరుకునే పేజీలవి. ఆమెకు పని నేర్పుతున్న ఫార్మసిస్టు ఒకరోజు సపోజిటరీలు తయారు చేస్తూ దశాంశ బిందువు తప్పుగా వేశాడు; మందు పదింతలు పడింది. ఆమె గమనించింది. యుద్ధకాలపు అమ్మాయి, నేర్చుకోవడానికి వచ్చినది, ఊళ్లో పేరున్న ఫార్మసిస్టుకు తప్పు చెప్పగలదా? కాలు జారినట్టు నటించి ఆ పళ్లెం మొత్తం నేలపాలు చేసి, మిగిలినవాటి మీద గట్టిగా అడుగు వేసి తొక్కేసింది. ఆయన తిట్టుకుంటూ మళ్లీ చేశాడు. అదే మనిషి జేబులో ఒక నల్లటి ముద్ద పెట్టుకుని తిరిగేవాడట. అది క్యురారే అనీ, అది దగ్గరుంటే తనకు బలంగా అనిపిస్తుందనీ ఆమెకు చెప్పాడు. ఆ మాట ఆమె మనసులో దాదాపు యాభై ఏళ్లు నిలవ ఉండి, 1961లో 'ద పేల్ హార్స్' అన్న నవల అయింది.

ఆ నవల చదవబోయేవారు ఈ ఒక్క పేరా దాటేయండి. అందులోని విషం థాలియం. ఆమె మరణించిన మరుసటి ఏడు, 1977లో, ఖతార్ నుంచి లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రికి పందొమ్మిది నెలల పాపను తీసుకొచ్చారు. రోగమేమిటో వైద్యులకు అంతుబట్టలేదు. పాప మంచం పక్కన విధుల్లో ఉన్న నర్సు అప్పుడు ఈ నవల చదువుతోంది. పాప జుట్టు రాలడం చూసి, థాలియం కావచ్చేమోనని పెద్దలకు చెప్పింది. పరీక్షలో అదే తేలింది, పాప బతికింది. రోగనిర్ణయంలో తోడ్పడినందుకు ఆ వైద్యులు వైద్యపత్రికలో క్రిస్టీకి కృతజ్ఞత చెప్పుకున్నారు. ఆ నర్సును వైద్యులు విన్నారన్నది ఈ కథలో నాకు ఎక్కువ నచ్చే భాగం. ప్రతి వార్డులో ప్రతి రోజూ అలా జరగదు.

మళ్లీ 1916కి వస్తాను. తొలి నవల సగంలో చిక్కుపడింది. ఖాళీ పూటల్లో రాయడమంటే ప్రతిసారీ ఎక్కడ ఆపామో వెతుక్కోవడమే. ఆ తికమక ఆమెను చిరాకు పెడుతోంది. సెలవుల్లో ఎక్కడికైనా పోయి రాసెయ్యమని తల్లి సలహా ఇచ్చింది. డార్ట్‌మూర్ కొండనేలలో హేటార్ దగ్గర ఒక హోటల్లో రెండు వారాలు ఉంది. ఉదయమంతా చేయి నొప్పెట్టేదాకా రాయడం, భోజనం చేసి ఆ మైదానాల్లో ఒంటరిగా నడుస్తూ, మర్నాడు రాయబోయే సంభాషణలను పాత్రల గొంతుతో పైకి చదువుకోవడం. రాత్రి పన్నెండు గంటల నిద్ర. ఆ నడకలు నాకు ఈర్ష్య పుట్టిస్తాయి.

అది 'ద మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్'. కొందరు ప్రచురణకర్తలు తిప్పిపంపారు. బాడ్లీ హెడ్ సంస్థ చాలాకాలం అట్టేపెట్టుకుని, చివరి అధ్యాయాన్ని మార్పించి 1921లో వెలువరించింది. ఆమె చేతికొచ్చింది 25 పౌండ్లు. ఆ పుస్తకానికి వచ్చిన మెప్పులన్నింటిలో ఆమెను ఎక్కువ మురిపించింది సాహిత్య పత్రికలది కాదు, ఫార్మస్యూటికల్ జర్నల్ అనే మందులవాళ్ల పత్రికది: విషాల గురించి రచయితకు నిజంగా తెలుసని రాశారట.

ఇంతవరకూ ఆమెకు రాత ఒక సరదా. 1926 ఏప్రిల్లో తల్లి పోయింది. ఆ ఏడే భర్త మరొకరిని ప్రేమించానని చెప్పాడు. డిసెంబరులో ఆమె పదకొండు రోజులు కనిపించకుండా పోయిన ఉదంతం మీద పుస్తకాలు, సినిమాలు వచ్చాయి. ఆత్మకథలో దాని గురించి ఒక్క మాట లేదు. నేనూ రాయను. ఆమె మౌనాన్ని ఆమెకు వదిలేయడం మర్యాద.

రాత గురించి ఆలోచించేవాళ్లకు ముఖ్యమైనది దాని తర్వాత వచ్చింది. 1927 మొదట్లో కూతురు రోజలిండ్‌నూ, సెక్రటరీనీ వెంటబెట్టుకుని కానరీ దీవులకు వెళ్లింది. ఒప్పుకున్న నవల పూర్తి చేయాలి, డబ్బు కావాలి. రాయాలని లేదు. రాసేది నచ్చడం లేదు. చెప్పి రాయిస్తుంటే కూతురు వచ్చి పక్కన నిలబడుతుంది. నేను మాట్లాడను, ఊరికే నిలబడతానంటుంది. పిల్లలున్న వాళ్లకు తెలుసు, ఊరికే నిలబడిన పిల్ల కన్నా మాట్లాడే పిల్ల నయం. పాత కథ ఒకదాన్ని సాగదీసి ఎలాగో 'ద మిస్టరీ ఆఫ్ ద బ్లూ ట్రైన్' ముగించింది. జీవితాంతం ఆమెకు ఆ నవల అంటే గిట్టలేదు. కాని సరదా రచయిత్రి వృత్తి రచయిత్రిగా మారిన ఘడియ అదేనని తానే గుర్తించింది. రాయాలని లేనప్పుడు, రాసేది నచ్చనప్పుడు, అంత బాగా రాయలేనప్పుడు కూడా రాయడమే వృత్తి అని ఆమె లెక్క.

దీన్ని చదివినప్పుడల్లా నాకు డ్యూటీ రోస్టరు గుర్తొస్తుంది. ఇవాళ నాకు వైద్యం చేయాలని లేదని ఏ వైద్యుడూ ఇంటిదగ్గర కూర్చోడు. రచనకు మాత్రం ప్రేరణ కావాలంటాం. నా ఉద్దేశంలో క్రిస్టీని చిన్నచూపు చూసే విమర్శకులకు అసలు మింగుడుపడనిది ఇదే: ఆమె రాతను పనిలా చేసింది, పనిలాగే బాగా చేసింది.

ఇక నోటుపుస్తకాలు. మిగిలినవి 73. అందమైన చర్మపు అట్టల డైరీలను ఊహించుకోకండి. చాలావరకు బడిపిల్లల రాతపుస్తకాలు. ఒకేసారి అరడజను చేతిలో తిరుగుతుంటాయి, ఏది ముందు దొరికితే అందులో రాయడం. అందుకే ఒక నవల ఊహలు నాలుగైదు పుస్తకాల్లో చెదిరి ఉంటాయి, ఒకే పుస్తకంలో ఇరవై ఏళ్ల ఎడం ఉన్న రెండు నవలలు పక్కపక్కన కాపురం చేస్తుంటాయి. తేదీలు అరుదు. హత్య చేసే మార్గం పక్కనే కొనవలసిన సామాను జాబితా, బ్రిడ్జి ఆట లెక్కలు. చేతిరాత చూస్తే వైద్యుల చేతిరాత మీద జోకులు వేసేవాళ్ల నోరు మూతపడుతుంది. దాన్ని చదవడం అలవాటు చేసుకోవడానికి జాన్ కరన్ చాలా అవస్థ పడ్డాడు.

ఆ చిందరవందరలో ఒక పద్ధతి ఉంది. ఒక పరిస్థితి తీసుకుంటుంది. దాని కింద ఎ, బి, సి, డి అని అక్షరాలు వేసి, జరగడానికి వీలున్నవన్నీ రాస్తుంది. చంపింది డాక్టరా? డాక్టరు భార్యా? చనిపోవలసిన మనిషి బదులు వేరొకరు చనిపోయారా? హంతకుడెవరో ముందే తెలుసుకుని రాస్తుందనే మనం అనుకుంటాం. చాలా నవలల విషయంలో ఆమెకే చివరిదాకా తేలలేదని ఈ పుస్తకాలు చూపుతాయి. ఇది మేము రోగి మంచం దగ్గర చేసే పనే. లక్షణాలు ఇవి, కారణం ఇది కావచ్చు, అది కావచ్చు, అరుదుగా మూడోది కావచ్చు, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావాలి. తేడా ఒక్కటే. ఆమె చివరికి మిగిలినదాన్ని కాక, పాఠకుడు ముందుగా కొట్టేసినదాన్ని ఎంచుకుంటుంది.

ఆలోచన ఎక్కడైనా సాగేది. స్నానపు తొట్టెలో కూర్చుని ఆపిల్ పళ్లు తింటూ కథలు అల్లేదన్నది ప్రసిద్ధం. తన మీద తానే వేసుకున్న వేళాకోళం లాంటి ఏరియాడ్నీ ఆలివర్ అనే రచయిత్రి పాత్రకు కూడా ఆ ఆపిల్ పిచ్చిని అంటగట్టింది. కథ మనసులో కట్టడమే కష్టం, టైపు కొట్టడం తర్వాతి మాట. మేరీ వెస్ట్‌మకాట్ అన్న మారుపేరుతో రాసిన ఆరు నవలల్లో ఒకటైన 'ఆబ్సెంట్ ఇన్ ద స్ప్రింగ్' మూడే రోజుల్లో రాసింది. అది ఏళ్ల తరబడి లోపల పండి ఉంది కాబట్టి.

రెండో ప్రపంచయుద్ధంలో మళ్లీ మందుల గదికే వెళ్లింది. ఈసారి లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రి. వారంలో రెండు పూర్తి రోజులు, మూడు సగం రోజులు, శనివారం విడిచి శనివారం ఉదయం. భర్త మాలొవాన్ ఉత్తరాఫ్రికాలో. లండన్ మీద బాంబులు. మిగిలిన వేళల్లో ఒక్కోసారి రెండేసి నవలలు ఒకేసారి రాసింది, ఒకటి విసుగెత్తితే రెండోది. తాను బాంబుకు పోతే అక్కరకొస్తాయని కూతురికి ఒకటి, భర్తకు ఒకటి చొప్పున రెండు నవలలు రాసి భద్రంగా దాచిపెట్టింది. 'కర్టెన్' 1975లో, 'స్లీపింగ్ మర్డర్' 1976లో గాని బయటికి రాలేదు. వీలునామా రాసినట్టు నవల రాయడం! అంత స్థిమితం నాకు అంతుచిక్కదు.

గుంటూరులో నా బాల్యం అద్దె పుస్తకాల షాపు మీద ఆధారపడి సాగింది. లెక్కల పుస్తకం చాటున కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు మింగిన తరం మాది. వాటిని ఎవరు, ఏ బల్ల మీద, ఏ వేళ రాశారో అప్పుడు తట్టలేదు. ఆయన నోటుపుస్తకాలు ఎవరైనా దాచి ఉంటే ఎంత బాగుండును!

ఇప్పుడు అసలు నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టిన సంగతికి వస్తాను. మా మెమరీ క్లినిక్‌లో కొన్నేళ్ల కిందట చూసిన ఒక పెద్దావిడ (గుర్తు పట్టే వివరాలు మార్చాను) చేతిసంచీలో ఎప్పుడూ ఒక మిస్ మార్పుల్ నవల ఉండేది. ప్రతిసారీ అదే నవల. ఆవిడకు అప్పటికే ఏడాదీ నెలా చెప్పడం కష్టమైంది. ఎలా ఉంది పుస్తకమని అడిగితే, "చాలా బాగుంది డాక్టర్, ఈసారి మాత్రం నేనే ముందు కనిపెడతాను" అనేవారు. ఆవిడ ఒకప్పుడు బడిపంతులమ్మ. పేజీల అంచుల్లో పెన్సిలుతో టిక్కులు పెట్టేవారు. కథ జ్ఞాపకం లేదు. టిక్కు పెట్టడం మాత్రం పోలేదు.

క్రిస్టీ చివరి నవలలను టొరంటో విశ్వవిద్యాలయంలో ఇయన్ లాంకషైర్, గ్రేమ్ హర్స్ట్ 2009లో కంప్యూటర్ సాయంతో లెక్కగట్టారు. ఎనభై దాటాక రాసిన 'ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్'లో ఆమె వాడిన వేర్వేరు మాటల సంఖ్య, అరవై మూడో ఏట రాసిన నవలతో పోలిస్తే సుమారు 30 శాతం తగ్గింది. అన్న మాటలే మళ్లీ రావడం, 'ఏదో', 'అది' వంటి బోలు మాటలు పెరగడం కనిపించాయి. అది మతిమరుపు జబ్బు లక్షణం కావచ్చని వారి ఊహ. ఆమె బతికుండగా ఏ వైద్యుడూ అలాంటి నిర్ణయం ప్రకటించలేదు.

వైద్యురాలిగా నాకు ఇక్కడ కొంత సంకోచం ఉంది. మనిషిని చూడకుండా పుస్తకాన్ని చూసి జబ్బు పేరు పెట్టడం మా వృత్తిలో కూడని పని. పైగా 1952లో మణికట్టు విరిగాక ఆమె డిక్టాఫోన్ వాడడం మొదలుపెట్టింది. నోటితో చెబితే మాటలు పొదుపు తప్పుతాయని తానే ఫిర్యాదు చేసింది. వయసు, అలసట, చెవి కింద తిరిగే యంత్రం, అన్నీ లెక్కలోకి రావాలి. అయినా నా రోజంతా ఇలాంటి మాటల మధ్యే గడుస్తుంది గనుక, ఆ నవలలోని సంభాషణలు చదువుతుంటే నా చెవి నిక్కబొడుచుకున్న మాట నిజం. తెలిసిన నడక అది. ఒక వాక్యం బయలుదేరుతుంది, గమ్యం మరచిపోతుంది, మర్యాదగా వెనక్కి వస్తుంది.

విమర్శకులు ఆ నవలను తీసిపారేస్తారు. తేదీలు పొసగవు, వయసులు కలవవు, నిజమే. నాకది ఆమె నవలలన్నింటిలో ధైర్యవంతమైనదిగా తోస్తుంది. అందులో ఏరియాడ్నీ ఆలివర్ ఒక పాత మరణం గురించి, పాతవాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి, వాళ్లకు ఏం జ్ఞాపకం ఉందో పోగుచేస్తుంది. ఒక్కొక్కరికీ కొంచెం కొంచెం, అదీ తప్పుగా, జ్ఞాపకం ఉంటుంది. జ్ఞాపకం చేజారుతున్న ఒక రచయిత్రి, జ్ఞాపకాన్నే సాక్షిగా బోనెక్కించి నవల రాసింది. తెలిసి చేసిందా, తెలియక చేసిందా అని అడగకండి. మా క్లినిక్‌లో కూడా ఆ ప్రశ్నకు జవాబు రాదు.

ఆ మరుసటి సంవత్సరం, 1973లో, 'పోస్టర్న్ ఆఫ్ ఫేట్' వచ్చింది. ఆమె రాసిన చివరి నవల అది. దాన్ని నేను సగంలో రెండుసార్లు ఆపాను, మీకు సిఫారసు చేయను. కానీ అది అచ్చుకు పోయాక కూడా ఆమె ఒక రాతపుస్తకం తీసి, తర్వాత రాయబోయే నవల కోసం ఊహలు రాసుకోవడం మొదలుపెట్టిందని కరన్ చెబుతాడు.